నీలం మూత డబ్బా

నిన్న సాయంత్రం పాలు పితికే వేళకు గౌరి మోకాళ్ళు మడుచుకుని కొట్టంలో కూలబడింది. అప్పటి నుంచి జహనుమా బస్తీలోని కొండల్ ఇంట్లో ఎవరూ గొంతు పెంచి మాట్లాడలేదు. మూడు బర్రెల్లో ఈ మధ్యే ఈనింది గౌరి. బస్తీకి పోసే పాలలో సగం దానివే. పశువుల డాక్టరు పొద్దున్నే వస్తానన్నాడు.

మేడ మీద సంగతి వేరు. అక్కడ ఆ ఇంటి కోడలు తనూజ పెంచిన నలభై మొక్కలు శనివారం నాటికి ఒక కంటి ఆస్పత్రి వెయిటింగ్ హాలుకు చేరాలి. మట్టిలో కాదు, కాల్చిన మట్టి గోళీల మధ్య, అడుగున రెండు వేళ్ళ లోతు నీళ్ళతో పెరిగే మొక్కలు. అది ఆమెకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. ఉగాది తర్వాత ఆ మేడను ఆమెకు వదిలిపెడుతూ మామ కొండల్ పెట్టిన షరతు ఒకటే. "నీ మందులు మీదనే ఉండాలె బిడ్డా. నా పశువుల దాపుకు వచ్చిననాడు మీద ఒక్క ఆకు గూడ ఉండది."

గురువారం పొద్దున ఆ ఇంటి మౌనాన్ని తెంపింది ఒక ప్లాస్టిక్ చెంచా.

తనూజ అంట్లు తోమడానికి కూర్చుని, బండ పక్కన పడి ఉన్న తన తెల్ల కొలత చెంచాను చూసింది. దాని నిండా తడి తవుడు అంటుకుని ఎండిపోయింది. ఇరవై లీటర్ల బకెట్టుకు నిండుగా ఒకటి, అంచుకు గీసి మరీ పోసే చెంచా అది. దాన్ని ఇంకో పనికి వాడితే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"గీ చెంచా ఎవరు తీసిండ్రు అత్తమ్మా?"

కుడితి కలుపుతున్న ఎల్లమ్మ తల ఎత్తలేదు. "నేనే తీసిన. ఏమైంది?"

"కొలత చెంచా అది. తవుడుల ముంచేదా? ఎన్నిసార్లు చెప్పిన?"

"పది రూపాయల చెంచాకు గింత లొల్లా! అక్కడ బర్రె పడిపోయి కొట్టుకుంటాంది, ఈమెకేమో చెంచా ఫికర్."

"చెంచా గురించి కాదత్తమ్మా. ఒకరి వస్తువు తీసేటప్పుడు అడుగుతరు కదా."

"ఉప్పు డబ్బలనే ఉండె. నా సులువుకు పెట్టినవేమో అనుకున్న. ఇగ అడగాల్నంటే నా ఇంట్ల నేను ఎవల్ని అడగాలె?" ఎల్లమ్మ బకెట్టును నేల మీద కుదేసింది. "కడుక్కో. కడిగి ముద్దు పెట్టుకో."

తనూజ చెంచాను మూడుసార్లు తోమి, కొంగుతో తుడిచి, విసవిసా మెట్లెక్కి పైకి పోయింది.

పైన రేకుల కింద వరసగా పెట్టిన కుండీలను చూసి ఆమె చివరి మెట్టు మీదే ఆగిపోయింది.

నిన్న సాయంత్రం వరకు నిటారుగా ఉన్న పీస్ లిల్లీలు ఎవరో మెడ మీద కొట్టినట్టు వాలిపోయి ఉన్నాయి. సింగోనియం ఆకులు అంచుల వెంట గోధుమ రంగుకు తిరిగి లోపలికి ముడుచుకున్నాయి. మనీప్లాంట్లు కాస్త నయం, అవీ మెత్తబడ్డాయి. ఒకటి రెండు కాదు. నలభైకి నలభై.

నిన్ననే కదా అన్నిటికీ పాత నీళ్ళు పారబోసి, గోళీలను మంచినీళ్ళతో కడిగి, కొత్తగా ఎరువు నీళ్ళు పోసింది! నెలకోసారి తప్పకుండా చేసే పనే. మట్టిలో అయితే ఎరువు కాస్త ఎక్కువైనా తక్కువైనా మట్టి సర్దుకుంటుంది. ఈ గోళీలకు దాచుకునే గుణం లేదు. నీళ్ళలో మనం ఏం కలిపితే మొక్కకు అదే తిండి. కొలత తప్పితే వేర్లు మాడిపోతాయి. ఆరు నెలలుగా ఆమె కొలత తప్పలేదు. కలిపిన ప్రతిసారీ, నీళ్ళలో కరిగిన ఉప్పును చూపించే పెన్ను లాంటి మీటరు ముంచి చూసుకునేది. నిన్న మాత్రం చూడలేదు. గౌరి లేవడం లేదని మామ కింద నుంచి కేకేస్తే, గబగబా పోసేసి దిగిపోయింది.

ఇప్పుడు ఒక కుండీలో మీటరు ముంచింది. ఆరు వందల దగ్గర నిలవాల్సిన అంకె రెండు వేలు దాటి ఇంకా పైకి పోతోంది.

గాజు కుండీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అడుగున బూడిద రంగు మడ్డి పేరుకుని ఉంది. ఆమె ఎరువు పంచదారలా కరిగిపోయేది, చుక్క మడ్డి మిగలదు. నిన్న నీళ్ళు తెల్లగా మసకబారినప్పుడు, పట్టి ఉంచిన వాన నీళ్ళలో రేకుల మురికి దిగిందనుకుంది. వేలు ముంచి వాసన చూసింది. మెంతిపిండి, ఎముకల పొడి కలిసిన వాసన. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే దాణా గదిలోంచి వచ్చే వాసన.

పశువులకు పెట్టే ఉప్పు పొడి.

'ఉప్పు డబ్బలనే ఉండె.'

అత్త మాట ఇప్పుడు ఆమె చెవిలో పడింది. అరగంట కింద అన్న మాట ఇప్పుడు అర్థమైంది. తన చెంచా ఎప్పుడూ ఉండేది ఉప్పు డబ్బాలో కాదు, తన ఎరువు డబ్బాలో.

తనూజ మెట్లు దిగిన తీరు ఆమెకే తెలియదు. కొట్టం ముందు డాక్టర్ సామ్యూల్ బండి ఆగి ఉంది. మామ, అత్త గౌరి పక్కన కూర్చుని ఉన్నారు. ఆమెను ఎవరూ చూడలేదు. దాణా గదిలోకి దూరింది.

పది రోజుల కిందటి ముసురులో మేడ మీద ఎరువు పొడి తడి పీల్చుకుని గడ్డ కడుతుంటే, ఇంట్లో తడి ఎక్కని చోటు ఈ గది ఒక్కటే కదా అని తనే తెచ్చి పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల మాటే అనుకుంది. శాలిబండ బజారులో జతగా కొన్న నీలం మూత డబ్బాలు రెండు. ఒకటి అత్తమ్మ ఉప్పు పొడికి ఇచ్చి, రెండోది తను వాడుకుంది. వెనక గోడ చెమ్మగా ఉందని ఉప్పు డబ్బాను లోపలికి జరిపి, తన డబ్బాను ముందు పెట్టింది. రెంటికీ పేర్లు రాసి చీటీలు అంటించింది.

ఎల్లమ్మకు చదువు రాదు. తెల్లవారుజామున, బల్బు కూడా లేని గదిలో, అలవాటైన చోటుకు చెయ్యి చాపి అందిన డబ్బా తీస్తుంది. ఆ సంగతి తనూజకు తెలుసు. తెలిసే చీటీలు అంటించింది.

వెనక డబ్బా మూత మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము ఉంది. విప్పి చూసింది. ఉప్పు పొడి అంచు దాకా నిండుగా ఉంది. పది రోజుల్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ముందున్న డబ్బా, తన డబ్బా, అందులోనూ బూడిద రంగు పొడే. నిన్న సాయంత్రం ఇక్కడి మసక చీకట్లో గబగబా కొలిచి తీసుకుపోయింది, రంగు చూసుకోలేదు. కింద కొత్త ఉప్పు సంచి మూతి విప్పి ఉంది. అయిపోయిన డబ్బాను ఎల్లమ్మ ఆ సంచిలోంచి మళ్ళీ నింపి పెట్టింది.

మరి అందులో ఉన్న తన ఎరువు?

ఆ ప్రశ్నకు జవాబు గోడకు అవతల, కాళ్ళు చాపుకుని పడి ఉంది.

తనూజ అల్మారా కర్రను పట్టుకుంది. పైన నలభై కుండీల్లో వేర్లు ఆ నీళ్ళలోనే ఉన్నాయి. ఇప్పుడే పోయి పారబోస్తే సగమైనా దక్కుతాయి. డబ్బాను ఖాళీ చేసి కడిగేస్తే ఎవరికీ తెలియదు. ఈ రెండు ఆలోచనలూ ఆమెకు వచ్చాయి. ఒకదాని వెంట ఒకటి, చాలా స్పష్టంగా వచ్చాయి.

అంతలో గోడ అవతల కొండల్ గొంతు పెద్దగా వినిపించింది. "ఇదేంది సాబ్, రక్తం గిట్లుంటదా?"

తనూజ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. డాక్టరు చేతిలోని సిరంజిలో ఉన్నది ఎరుపు కాదు. చాక్లెట్ కరిగించి పోసినట్టు ముదురు గోధుమ రంగు.

"నైట్రేటు విషం లాగుంది పెద్దాయనా," అన్నాడు సామ్యూల్. "చిగుళ్ళు చూడండి, మట్టి రంగుకు తిరిగినయ్. యూరియా గట్టిగా చల్లిన గడ్డి తింటే ఇట్లయితది. గడ్డి ఎక్కడిది?"

కొండల్ జేబులోంచి ఫోను తీశాడు. స్పీకరు పెట్టి మరీ మాట్లాడే అలవాటు ఆయనది.

"ఖాజా భాయ్! ఏం గడ్డి పోస్తున్నవ్ నా కొట్టంల? ఇరవై ఏండ్ల సంది నీ చేతి గడ్డే తినిపిస్తున్న. మందు జల్లిన మడిల కోసుకొచ్చి నా బర్రె పాణం తీస్తవా?"

"ఏం మాట్లాడుతున్నవ్ కొండలన్నా? అల్లా కసమ్, మందు చల్లిన గడ్డి నేనెప్పుడు ముట్టలే. ఆగు, నేనే వస్త..."

"రాకు. నా గడప తొక్కకు." ఫోను పెట్టేశాడు.

తనూజ గుమ్మం దిగి ముందుకు వచ్చింది. "డాక్టర్ గారూ, గడ్డి కాదు."

అందరూ తిరిగి చూశారు.

"నా మొక్కల ఎరువు. పది రోజుల కింద తెచ్చి దాణా గదిల పెట్టిన. రెండు డబ్బాలు ఒక్క తీరుగనే ఉన్నయ్. అత్తమ్మ ఉప్పు పొడి అనుకుని..." ఆమె ఆగింది. "అందుల ఉన్నది ఎక్కువ నైట్రేటే. పొటాషియం నైట్రేటు, కాల్షియం నైట్రేటు."

సామ్యూల్ మాత్రం వెంటనే కదిలాడు. "ఎంత పెట్టారు? రోజుకు ఎన్ని చెంచాలు?" అని ఎల్లమ్మను అడిగాడు.

ఎల్లమ్మ గడ్డి మోపు మీద కూలబడింది. తన రెండు చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది. "ఈనిందని గౌరికి ఒక్కదానికే మాపు రేపు ఒక్కొక్కటి ఏసేదాన్ని. ఐతారం సంది నీరసంగుంటే, బలం తక్కువైందని ఇంకోటి ఎక్కువేసిన. తెల్లగ చక్కెర లెక్కుంటే కొత్త రకమేమో అనుకున్న. నిన్న పొద్దుగాల అడుగున మిగిలింది పారేయ బుద్ధి కాక... మొత్తం దులిపేసిన బిడ్డా. నా చేతులతోనే దులిపేసిన."

"పెద్దమ్మా, కడుపులో ఇంకా ఉంటది. ఒక్క సూదితో అయ్యేది కాదు, సాయంత్రం మళ్ళీ వేయాలె. ఈ మాట ఇప్పుడు తెలవడం మంచిదైంది." ఆయన సంచిలోంచి సిరా లాంటి నీలం మందు తీసి, గౌరి మెడ నరంలోకి మెల్లమెల్లగా ఎక్కించాడు. మధ్యలో తల ఎత్తకుండానే అన్నాడు, "రెండు వారాలు దీని పాలు ఎవరికీ పోయొద్దు. ఇన్ని రోజులు తాగినవాళ్ళకు, పెద్దవాళ్ళకు ఏం కాదనే అనుకుంటున్న. చంటిపిల్లలున్న ఇండ్లల్ల మాత్రం చెప్పాలె. ఒకసారి డాక్టరుకు చూపించుకుంటరు."

కొండల్ తనూజను తిట్టలేదు. ఆమె చేతిలోని డబ్బాను తీసుకుని, మూత విప్పి, మళ్ళీ పెట్టి, తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

అప్పుడే గేటు దగ్గర ఆటో ట్రాలీ ఆగింది. రావద్దన్నా ఖాజా వచ్చాడు. అరవై దాటిన మనిషి, భుజం మీద పచ్చిగడ్డి మోపుతో. గేటు లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

"కొండలన్నా, ఇటు చూడు." మోపులోంచి గుప్పెడు గడ్డి లాగి నోట్లో పెట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా నమిలాడు. గడ్డం మీదికి పచ్చటి రసం కారింది. "నేనే తింటున్న. సచ్చిపోతనా చూడు. నా కోడలు మరియం బిడ్డ, ఎనిమిది నెలల పోరి, నీ పాలే తాగుతది. నీ బర్రెకు విషం పెడితే నా ఇంట్ల పెట్టుకున్నట్టు కాదా భాయ్?"

తనూజ గేటు వైపు రెండు అడుగులు వేసింది. ఎనిమిది నెలల పిల్ల. ఆమె నోరు తెరిచింది. "ఖాజా చాచా..."

"లోపలికి నడువ్," అన్నాడు కొండల్. గొంతు పెంచలేదు. ఖాజా వైపు చూడనూ లేదు. "డాక్టర్ సాబ్ ఉన్నడు భాయ్, తర్వాత మాట్లాడుకుందం."

ఆమె లోపలికి నడిచింది. కిటికీలోంచి చూస్తే, ఖాజా మోపును నేల మీద దించబోయి, ఏమనుకున్నాడో, మళ్ళీ భుజానికి ఎత్తుకుని ట్రాలీ దగ్గరికి పోతున్నాడు.

మధ్యాహ్నం తనూజ పైకి పోయేసరికి ఎల్లమ్మ అక్కడ ఉంది. ఆరు నెలల్లో ఆమె ఆ మేడ ఎక్కడం అదే మొదలు. మోకాళ్ళ నొప్పి మనిషి, ఒక్కో కుండీని వంచి నీళ్ళు పారబోస్తోంది. తనూజ పక్కన కూర్చుని గోళీల మీద మంచినీళ్ళు పోయసాగింది. ఒకటికి రెండుసార్లు కడగాలని చెప్పలేదు. ఎల్లమ్మే రెండుసార్లు కడిగింది. ముప్పై కుండీల దాకా అయ్యాక ఎల్లమ్మ అన్నది, "గీ నీళ్ళు పారబోస్తే పోతున్నయ్. తాగిన పాలు ఎట్ల పారబోస్తం?"

తనూజ తర్వాతి కుండీ అందుకుంది.

దీపాలు పెట్టే వేళకు డాక్టరు వచ్చి రెండో సూది వేసి పోయాడు. గౌరి తల ఎత్తింది కానీ లేవలేదు. మొబైల్ రిపేరు షాపు కట్టేసి తనూజ భర్త నందు కూడా తొందరగానే ఇంటికి వచ్చాడు. భార్య చెప్పిందంతా విని, కొట్టంలోకి పోయి గౌరి పక్కన కూర్చున్నాడు.

నలుగురూ భోజనానికి కూర్చున్నారు. పప్పుచారు, దోసకాయ తొక్కు. పాలన్నీ మోరీ కాలువలో పోసేశారు కాబట్టి పెరుగు లేదు. ఆ ఇంట్లో పెరుగు లేని కంచం ముందు కూర్చోవడం తనూజకు అదే మొదటిసారి. కొండల్ నాలుగు ముద్దలు తిన్నాక నోరు విప్పాడు.

"తనూజా, నీ మొక్కలు నువ్వు ఉంచుకో."

ఆమె నమ్మలేక చూసింది. పొద్దుట నుంచి ఆమె ఎదురుచూస్తున్న మాట దానికి సరిగ్గా వ్యతిరేకం.

"మేడ నీదే. శనివారం ఏమేం బతికితే అవి తీస్కపో. నేనేమన. కాని ఇంట్ల అయింది ఇంట్లనే ఉండాలె. బర్రెకు సుస్తయింది, పాలు బంద్ అని చెప్తం. ఎందుకంటే గడ్డి పాడైంది అంటం. గంతే."

"గడ్డి అంటే ఖాజా చాచా పేరే కదా మామా," అన్నది తనూజ.

"ఆయన గడ్డి పోసే కొట్టాలు ఇంకో నాలుగున్నయ్. మనకు ఒక్కటే ఉంది." కొండల్ కంచంలోనే చూస్తున్నాడు. "నలభై ఏండ్ల సంది నా పాలల్ల నీళ్ళు కలిసినయని ఎవడు అనలే. విషం కలిసిందని నా నోటితో నేనెట్ల చెప్పాలె?"

నందు మెల్లగా అందుకున్నాడు. "బాపు అన్నది కరెక్టే తనూ. ఎవలకు ఏం కాలే కదా ఇప్పటిదాక. చెప్తే మస్తు లొల్లయితది. నీ ఆర్డరు గూడ పోతది."

"ఏం కాలేదని నీకు ఎట్ల తెలుసు? ఎవల్నన్న అడిగినవా?"

నందు పప్పుచారు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

తనూజ చెయ్యి కంచంలోంచి తీసింది. ఆ మేడ, ఆ రేకుల నీడ, పొద్దున్నే ఒక్కో వేరునూ ఎత్తి చూసుకునే ఆ గంట, అవన్నీ ఇప్పుడు ఆమె చేతిలో పెట్టి ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. గేటు బయట ఒక ముసలాయన గడ్డి నములుతూ నిలబడితే, ఆమె నోరు మూసుకుని లోపలికి వచ్చిన మాట కూడా నిజమే. ఒక రోజుకు ఆ ఒక్కసారి చాలు.

"మామా, రేపు పొద్దున క్యాన్లు పోయే యాళ్ళకు నేను పోత. ఇంటింటికి పోత. మొదలు ఖాజా చాచా ఇంటికి. పాలల్ల ఏం కలిసిందో, ఎవరి డబ్బా కలిసిందో చెప్త. పిల్లల్ని డాక్టరుకు చూపించుకోమంట. అత్తమ్మ పేరు రానియ్య. మొక్కలు మీరు తీయక్కర్లేదు. వచ్చినంక నేనే కిందికి దింపుత."

నందు "తనూ!" అన్నాడు. ఆమె అటు చూడలేదు.

కొండల్ నీళ్ళ చెంబు అందుకుని, కంచంలోనే చెయ్యి కడిగేశాడు. "గా ముచ్చట చెప్పనీకి నువ్వు గడప దాటినవంటే, మళ్ళ గీ గడప నీది కాదు. నందుగాడు నీ ఎంబడి వస్తడో రాడో, వాని ఇష్టం."

ఎల్లమ్మ కొడుకు కంచంలోకి ఇంకొంచెం అన్నం వడ్డించింది. కోడలి కంచంలోకి వడ్డించింది. గిన్నె మీద మూత పెట్టి, సరిచేసింది.

"దానికి ఇండ్లు తెల్వయి," అన్నది భర్తతో. "ఏ ఇంట్ల చంటిపోరలున్నరో, ఎవలు కడుపుతోనున్నరో నాకెరుక. దాని ఎంబడి నేను గూడ పోత." కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "ఇగ చెప్పు. గా గడప ముచ్చట నాకు గూడ చెప్పు."